కూడలికి 50 మీటర్ల ముందు: కడపలో బండి నడిపేవాళ్ళకు, సైకిలు తొక్కేవాళ్ళకు

మా మేనకోడలు తొమ్మిదో తరగతిలో ఉండగా సైకిలు మీద బడికి పోతానని పట్టుబట్టింది. వాళ్ళమ్మకు ఒకటే భయం, దారిలో ఏడురోడ్లు. ఏడు దారులు ఒకచోట కలిసే ఆ కూడలి దాటడం కడపలో పుట్టి పెరిగినవాళ్ళకే పరీక్ష. వారం రోజులు నా బండి ఇంట్లో పెట్టి, అటక మీది పాత సైకిలు దించి ఆ పిల్ల వెనకే తొక్కాను. మూడో రోజుకు ఒక సంగతి తెలిసింది. పిల్ల చేసే తప్పులేవీ కూడలిలో మొదలవడం లేదు. కూడలి ఇంకా చాలా దూరం ఉండగానే, ఒక మిఠాయి కొట్టు దాటగానే మొదలవుతున్నాయి. అక్కడే వెనక్కి చూడకుండా కుడికి జరుగుతోంది. ఆకుపచ్చ లైటు కనబడగానే అక్కడి నుంచే తొక్కుడు పెంచుతోంది. కూడలి నడుమకు వచ్చాక ఇక ఎవరైనా చేయగలిగింది తక్కువ.

నేనూ ఇరవై ఏళ్ళుగా ఆ తప్పులే చేస్తున్నానని నాలుగో రోజు తెలిసింది.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద పోతున్నవాళ్ళే. కారువాడికి చుట్టూ రేకుంది, మనకున్నది చొక్కా. అందుకే కింద రాసినదాంట్లో ఎక్కువ భాగం కూడలికి 50 మీటర్ల ముందు చేయాల్సిన పనుల గురించే ఉంటుంది.

ఇంట్లో, బయల్దేరే ముందు

హెల్మెట్ సంగతి ముందు. 2021 జూన్ 1 నుంచి బీఐఎస్ ధ్రువీకరణ లేని హెల్మెట్ దేశంలో అమ్మకూడదు. వెనక భాగంలో ఐఎస్ఐ గుర్తు, దాని మీద ఐఎస్ 4151 అన్న సంఖ్య చూసుకోండి. రోడ్డు పక్క గుట్టగా పోసి అమ్మే టోపీలాంటివి పోలీసును దాటిస్తాయి, అంతే. పెట్టుకున్నాక పట్టీ బిగించి, హెల్మెట్‌ను వెనక నుంచి ముందుకు నెట్టి చూడండి. నుదుటి మీదుగా ఊడి వస్తే అది మీ కొలత కాదు. గడ్డం కింద పట్టీలో రెండు వేళ్ళు పట్టాలి, మూడో వేలు పట్టకూడదు. మంచి హెల్మెట్ చావు ముప్పును 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పును 69 శాతం తగ్గిస్తుందని పరిశోధనలన్నీ కలిపి లెక్క కట్టినవాళ్ళు తేల్చారు. పట్టీ పెట్టకపోతే ఆ లెక్క మనకు వర్తించదు, పడే లోపే అది ఎగిరిపోతుంది.

మే నెలలో కడప ఎండకు హెల్మెట్ కుండలో తల పెట్టినట్టే ఉంటుంది, కాదనను. లోపల పల్చటి నూలు గుడ్డ కట్టుకుని, వారానికోసారి లోపలి స్పాంజి ఉతికితే చాలావరకు భరించొచ్చు. వెనక కూర్చున్నవాళ్ళకూ, నాలుగేళ్ళు దాటిన పిల్లలకూ హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి. నాలుగేళ్ళ లోపు పిల్లలుంటే, పిల్లను పెద్దవాళ్ళకు కలిపి కట్టే బెల్టు, పిల్లల హెల్మెట్ ఉండాలి, బండి 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు. ట్యాంకు మీద పిల్లను కూర్చోబెట్టుకోవడం మాత్రం మానేయండి. బ్రేకు వేసినప్పుడు మీ బరువంతా వెనక నుంచి ఆ పిల్ల మీదే పడుతుంది.

తర్వాత అద్దాలు. మన ఊళ్ళో అద్దాలు విప్పేసిన బండ్లు ఎన్నో! అందం చెడిపోతుందట. అద్దం చివర మీ మోచేయి రవ్వంత కనబడేలా తిప్పుకుంటే మిగతాదంతా రోడ్డే. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లకు ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలుగుతుంది. బ్యాటరీ మిగుల్తుందని దానికి స్విచ్చు పెట్టించుకునేవాళ్ళున్నారు. మీరు కనబడటం కోసం పెట్టిన లైటు అది, మీకు దారి కనబడటం కోసం కాదు.

సైకిలుకు బ్రేకు రబ్బర్లు, గంట, వెనక ఎర్ర రిఫ్లెక్టరు చూసుకుంటే చాలు. ప్రభుత్వ బడి పిల్లల సైకిళ్ళలో బ్రేకు తీగ సాగిపోయి, లివరు హ్యాండిల్‌కు ఆనుకునేంత లోపలికి పోయినవి తరచూ చూస్తుంటాను. సైకిలు షాపులో అయిదు నిమిషాల పని. సీటు ఎత్తు ఎంతుండాలంటే, కూర్చున్నప్పుడు ముని వేళ్ళు నేలకు ఆనాలి. ఆగడానికి దిగాల్సి వచ్చే పిల్ల ఆగడానికే ఇష్టపడదు.

మీ కూడలిని ఒకసారి నడిచి చూడండి

ఈ పని ఎవరూ చేయరు. చేసి చూడండి, పావుగంట చాలు. మీరు రోజూ దాటే కూడలికి బండి లేకుండా, మీరు దాటే వేళకే వెళ్ళండి. ఓ మూల టీ బంకు దగ్గర నిలబడండి. ఒక టీ అయ్యేలోగా ఏ వాహనం ఎక్కడ ఎవరికి అడ్డం పడుతోందో చూడండి.

నాలుగు దారులు కలిసే మామూలు కూడలిలో వాహనాల దారులు ఒకదానితో ఒకటి తగిలే చోట్లు 32 ఉంటాయని ట్రాఫిక్ ఇంజినీర్లు లెక్కేస్తారు. అందులో 16 అడ్డంగా కోసుకునేవి, మిగతావి చేరేచోట్లు, విడిపోయేచోట్లు. మూడు దారుల కూడలిలో 9 మాత్రమే. ఒక దారి పెరిగితే 9 కాస్తా 32 అయిందంటే ఏడు దారులుంటే ఏమవుతుందో ఊహించుకోండి. కోటిరెడ్డి సర్కిల్‌లో చేసినట్టే ఏడురోడ్లలోనూ చేస్తానంటే కుదరదు, ఒక్కో కూడలికి ఒక్కో పాఠం.

చూడాల్సినవి కొన్నే. ఆటోలు ఎక్కడ ఆగి మనుషులను ఎక్కించుకుంటున్నాయి? బస్సు ఏ మలుపు దగ్గర వెడల్పుగా తిరుగుతోంది? ఏ ఫ్లెక్సీ, ఏ తోపుడుబండి వెనక నుంచి బండ్లు హఠాత్తుగా ఊడిపడుతున్నాయి? రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్ళు ఏ వైపు నుంచి వస్తున్నారు? ప్రతి కూడలికీ రాంగ్ రూట్ వాళ్ళ ఇష్టమైన మూల ఒకటుంటుంది. డివైడర్ చివర దాకా పోయి యూటర్న్ తీసుకోవడం దూరమైతే, జనం వంద మీటర్లు ఎదురు వచ్చి తిరుగుతారు. మీరు ఎడమకు తిరిగేటప్పుడు మీ కళ్ళు కుడివైపే ఉంటాయి. ఆ మనిషి మీ ఎడమ నుంచి వస్తాడు.

స్టాప్ లైను నుంచి వెనక్కి 30 అంగలు నడవండి, ఆ పని కూడా అప్పుడే అయిపోతుంది. అక్కడున్న స్తంభమో, బోర్డో, చెట్టో గుర్తు పెట్టుకోండి. దాంతో పని ఉంది.

ఆ 30 అంగల లెక్క

గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. ప్రమాదం కనబడ్డాక చెయ్యి బ్రేకు మీదికి పోవడానికి ఒక సెకను. పొడి రోడ్డు మీద, ఓ మాదిరి నడిపేవాళ్ళు బ్రేకు నొక్కాక బండి ఆగడానికి ఇంకో 12 మీటర్లు. మొత్తం 23 మీటర్లు, అంటే సుమారు 30 అంగలు. అదే లెక్కలో 30 వేగానికి 15 మీటర్లు చాలు. 60 వేగంలో ఉంటే 44 మీటర్లు కావాలి. తడి రోడ్డయితే 40 వేగానికే 30 మీటర్లు దాటుతుంది.

ఇప్పుడు ఆ స్తంభం ఎందుకో చెప్తాను. మీరు 40లో వస్తున్నారు. స్తంభం దాటకముందే పసుపు లైటు పడితే ఆగాలి, ఆగగలరు. దాటాక పడితే పోవాలి, అక్కడ బ్రేకు కొడితే వెనకవాడు మీ మీదికి వస్తాడు. పసుపు చూడగానే ‘పోదామా ఆగుదామా’ అని ఊగిసలాడే అర సెకనులోనే చాలామంది కూడలి నడుమ ఇరుక్కుంటారు. స్తంభం ఆ సందేహాన్ని ముందే తీర్చేస్తుంది. సిగ్నల్ లేని కూడలి అయితే స్తంభం దగ్గరికి వచ్చేసరికి వేగం 25కి తెచ్చుకోండి.

స్తంభం దగ్గర చేయాల్సినవి మూడు, వరసగా:

1. అద్దంలో వెనక ఏముందో చూడటం. వెనక లారీ అంటుకుని ఉంటే బ్రేకు లైటు ఒకట్రెండు సార్లు వెలిగేలా మెల్లగా తాకి, ముందే తెలియజేయాలి.
2. యాక్సిలేటరు వదిలి, రెండు వేళ్ళు ముందు బ్రేకు లివరు మీద, పాదం వెనక బ్రేకు మీద ఆనించడం. నొక్కక్కర్లేదు. బ్రేకు మీద వేలుంటే ఆ ఒక సెకనులో మూడోవంతు మిగులుతుంది, అంటే 3 మీటర్ల పైనే. కొన్నిసార్లు తగలడానికీ తప్పడానికీ మధ్య ఉండే దూరం అంతే.
3. మీ వరసలోనే రవ్వంత పక్కకు జరగడం. ఎందుకో కింద చెప్తాను.

బ్రేకుల గురించి ఒక మాట. ముందు బ్రేకు వేస్తే బండి బోర్లా పడుతుందని మనకు చిన్నప్పుడెవరో చెప్పి ఉంటారు. ఆపే బలంలో దాదాపు 70 శాతం ముందు చక్రం దగ్గరే ఉంది. బ్రేకు వేయగానే బరువంతా ముందుకు వస్తుంది కాబట్టి వెనక చక్రం తేలికై జారుతుంది. రెండూ కలిపి, ముందుదాన్ని పిండినట్టు క్రమంగా నొక్కాలి, గుంజకూడదు. 2019 ఏప్రిల్ తర్వాతి కొత్త బండ్లలో 125 సీసీ దాటితే ఏబీఎస్ (గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది), అంతకు లోపు కనీసం సీబీఎస్ (ఒకటి నొక్కితే రెండు బ్రేకులూ పడేది) ఉంటాయి. ఏబీఎస్ ఉన్న బండికి గట్టిగా నొక్కితే లివరు వేళ్ళ కింద దడదడలాడుతుంది. భయపడి వదిలేయకండి, అది పనిచేస్తోందని అర్థం. ఆదివారం పొద్దున ఖాళీ మైదానంలో 30 వేగంలో పదిసార్లు ఆగి చూడండి. ఈ వ్యాసంలో ఒక్క పనే చేస్తానంటే అదే చేయండి.

వాడు చూశాడు, కానీ మీరు కనబడలేదు

కూడలి ప్రమాదం తర్వాత కారు డ్రైవరు ‘నేను చూసే తిప్పినాను సార్, ఎవరూ లేరు’ అంటాడు. చాలాసార్లు అబద్ధం కాదది. కారు ముందు అద్దానికి పక్కనుండే కమ్మీ వెనక ఒక మోటారు సైకిలు మొత్తం దాగిపోతుంది. మీరు నేరుగా వస్తూ, అతను మెల్లగా తిరుగుతూ ఉంటే ఆ కమ్మీ చాటునే రెండు మూడు సెకన్లు ఉండిపోవచ్చు. ఇంకోటి, చిన్న వస్తువు దూరంగా ఉన్నట్టూ, నెమ్మదిగా వస్తున్నట్టూ కంటికి తోస్తుంది. లారీ 40లో వస్తుంటే ఆగేవాడు, బండి 40లో వస్తుంటే ‘దాటేయొచ్చు’ అనుకుంటాడు.

అందుకే పక్కకు జరగమన్నాను. నేరుగా వచ్చే వస్తువు కంటికి కదలనట్టే ఉంటుంది. అడ్డంగా కదిలేది చటుక్కున కనబడుతుంది. వరసలోనే ఒక అడుగు అటు, ఒక అడుగు ఇటు జరిగితే చాలు. కట్టింగులు కొట్టమని కాదు నేను చెప్పేది.

ఎదుటి డ్రైవరు కళ్ళలోకి చూస్తే చాలంటారు, నేను నమ్మను. మనవైపు చూస్తూ మనల్ని చూడకుండా ఉండటం మనుషులకు బాగా వచ్చు. ముందు చక్రం చూడండి. మనిషి మొహం కంటే ముందు అది చెబుతుంది.

ఆటోలకు వేరే భాష ఉంది. మీ ముందున్న ఆటో ఏం చేయబోతోందో తెలుసుకోవడానికి ఆటోను కాదు, రోడ్డు పక్కను చూడాలి. అక్కడ సంచీ పట్టుకుని చెయ్యెత్తిన మనిషి కనబడితే, ఆటో ఇండికేటరు లేకుండా ఎడమకు వంగబోతోందని అర్థం. డ్రైవరు తల అటు తిరగగానే మీరు బ్రేకు మీద ఉండాలి. కూడలి మూల దగ్గర ఇది పొద్దున్నుంచి రాత్రి దాకా జరుగుతూనే ఉంటుంది.

ఎర్ర లైటు దగ్గర ఎక్కడ నిలబడాలి

ఎండాకాలం మన సిగ్నళ్ళ దగ్గర ఒక వింత కనబడుతుంది. స్టాప్ లైను దగ్గర ఎవరూ ఉండరు. ఇరవై మీటర్ల వెనక వేపచెట్టు నీడలో ముప్పై బండ్లు గుంపు కట్టి ఉంటాయి. ఎండకు ఎవరినీ తప్పుపట్టలేం. కానీ పచ్చలైటు పడగానే ఆ గుంపంతా ఆ ఇరవై మీటర్లలో వేగం అందుకుని కూడలిలోకి 30లో దూసుకొస్తుంది. అడ్డంగా పోయే దారిలో ఎర్ర లైటు పడ్డాక కూడా దాటుతున్న ఆఖరి మనిషి అప్పుడింకా నడుమే ఉంటాడు. నీడలో ఆగండి, తప్పులేదు. కదిలేటప్పుడు స్టాప్ లైను దాకా మెల్లగా వచ్చి, రెండు వైపులా చూసి అప్పుడు పోండి.

లైను దగ్గర ఆగితే గేరులోనే, క్లచ్ పట్టి, అద్దంలో వెనక చూస్తూ ఉండండి, కనీసం మీ వెనక ఒక వాహనం ఆగేదాకా. వెనకవాడు ఆగేలా లేకపోతే పక్కకు తప్పుకోవడానికి దారి ఒకటి చూసుకుని ఉండాలి.

ఇక ఈ విషయంలో నేను ఎంత చెప్పినా తక్కువే: లారీకి, బస్సుకు, ట్యాంకరుకు ఎడమ పక్కన నిలబడకండి. మన దేశంలో డ్రైవరు కుడివైపు, ఎత్తున కూర్చుంటాడు. ఎడమ తలుపు కింద అతనికి కనబడని చోటుంది, ఒక సైకిలూ ఇద్దరు మనుషులూ పట్టేంత చోటు. పైగా పొడవాటి వాహనం తిరిగేటప్పుడు వెనక చక్రం ముందు చక్రం నడిచిన దారిన నడవదు. మూలను లోపలికి కోసుకుంటూ వస్తుంది. లారీ ముందు భాగం కుడికి పోతున్నట్టుంటే ‘నేరుగా పోతుంది కాబోలు’ అని మీరు ఎడమ సందులోకి దూరతారు. నిజానికి అది ఎడమకు తిరగడానికే వెడల్పు తీసుకుంటోంది. సందు మూసుకుపోతూ వస్తుంది. చివరికి లారీ పక్క, ఫుట్‌పాత్ అంచు, నడుమ మీరు మిగులుతారు.

కాబట్టి పెద్ద బండి ఉంటే దాని వెనక ఆగండి. లేదా డ్రైవరుకు స్పష్టంగా కనబడేంత ముందు, కనీసం ఒక కారు పొడవు ముందు ఆగండి. దాని అద్దంలో డ్రైవరు మొహం మీకు కనబడకపోతే, మీరూ అతనికి కనబడనట్టే. సైకిలు మీదున్నవాళ్ళకు ఈ ఒక్కటీ ఒంటబడితే, సగం ప్రమాదం తప్పినట్టేనని నా లెక్క.

పచ్చలైటు పడ్డాక ఒక ఊపిరి తీసుకునేంత ఆగండి. వెనక హారన్లు మోగుతాయి. మా మేనకోడలూ అదే అంది, ‘మామా, నేనాగితే ఎనకోళ్ళు అరుచ్చారు’ అని. అరవనీ. హారన్ కొట్టినవాడు ఆస్పత్రి బిల్లు కట్టడానికి రాడు.

తిరగడం

ఎడమకు తిరిగేటప్పుడు ఫ్రీ లెఫ్ట్ ఉన్నా పాదచారులకు, కుడి నుంచి నేరుగా వచ్చేవాళ్ళకు దారివ్వాలి. ఫ్రీ అంటే ఆగక్కర్లేదని కాదు, లైటు కోసం ఆగక్కర్లేదని మాత్రమే. నేరుగా పోయేవాళ్ళు ఎడమ అంచున ఆగి ఫ్రీ లెఫ్ట్ దారి మూయకుండా ఉంటే వెనక నుంచి అందరూ కోసుకుంటూ రావడం కాస్త తగ్గుతుంది.

కుడికి తిరగడమే కష్టం. 50 మీటర్ల ముందే ఇండికేటరు వేసి, అద్దం చూసి, ఒక్కసారి భుజం మీదుగా తల తిప్పి చూసి, అప్పుడు కొంచెం కొంచెంగా నడుమకు జరగాలి. కూడలి నడుమ ఎదుటివాళ్ళ కోసం ఆగాల్సి వస్తే హ్యాండిల్ నేరుగానే ఉంచండి. ముందే కుడికి తిప్పి ఉంచితే, వెనక నుంచి తగిలినవాడు మిమ్మల్ని ఎదురొచ్చే వాహనాల కిందికి తోసేస్తాడు. చక్రం నేరుగా ఉంటే ముందుకే పోతారు. అయ్యాక ఇండికేటరు ఆపండి, వెలుగుతూ వదిలేసిన ఇండికేటరు చూసి ఎదుటివాడు దాటుకొస్తాడు.

సైకిలు మీద రద్దీ కూడలిలో నడుమకు రావద్దు. రెండు దఫాలుగా తిరగండి. ఎడమ అంచునే నేరుగా కూడలి దాటి, అవతలి మూల దగ్గర సైకిలు కుడికి తిప్పి ఆగండి. ఆ దారికి పచ్చలైటు పడ్డాక వాళ్ళతో కలిసి పోండి. అర నిమిషం ఎక్కువ పడుతుంది. మా పిల్లకు ఏడురోడ్లలో అదీ వద్దన్నాను. దిగి, జీబ్రా గీతల మీద నెట్టుకుంటూ దాటమన్నాను. సైకిలు దిగడం నామోషీ అనుకునే వయసు, అందుకని వారమంతా నేనూ దిగాను.

సిగ్నల్ లేకుండా నడుమ విగ్రహమో ఫౌంటెనో ఉన్న సర్కిళ్ళలో, లోపల తిరుగుతున్నవాళ్ళకు ముందు హక్కు. వాళ్ళు మీ కుడి నుంచి వస్తారు, ఆగి సందు చూసుకుని దూరాలి. వెడల్పైన సర్కిల్‌లో ఎడమ అంచునే అంటిపెట్టుకుని చుట్టూ తిరిగితే, బయటికి పోయే ప్రతి వాహనం మిమ్మల్ని కోసుకుంటూ పోతుంది. బండి మీదుంటే వరస నడుమ నిలబడి, మీరు పోయే దారి వచ్చే ముందు ఎడమకు ఇండికేటరు వేసి రండి. విగ్రహానికి కుడి పక్క నుంచి అడ్డంగా కోసేసే అలవాటు మన ఊళ్ళో చాలామందికుంది. ఆ పని చేసేవాళ్ళు ఎదురొస్తారని ఎప్పుడూ ఒక కన్ను అటుంచండి.

రాత్రి, వాన, బండలు

ఏళ్ళ తరబడి పొడి రోడ్ల మీద తిరిగిన మనకు వాన పడ్డ మొదటి అరగంట తెలియని శత్రువు. రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము, నీళ్ళు కలిసి జిగురు పడుతుంది. మనకు ఇంకో ప్రత్యేకత ఉంది. దేశమంతా ఇళ్ళలో పరుచుకునే కడప బండ ఇక్కడ కాలువల మీద మూతలుగా, మూలల దగ్గర గట్లుగా ఉంటుంది. జనం తొక్కి తొక్కి నున్నగైన నల్ల బండ తడిస్తే సబ్బు బిళ్ళే. ఓ మూల పగిలిన అలాంటి మూత మీద, ఎడమకు తిరుగుతూ బ్రేకు తాకినందుకు బండీ నేనూ వేరు వేరు దిక్కులకు పోయాం. నెల రోజులు మోకాలు వంగలేదు. ఆ మూత సంగతి అంతకు ముందే అధికారులకు రెండుసార్లు చెప్పి ఉన్నాను, చెప్పించుకున్నవాళ్ళు విన్నారు కూడా, వినడం వరకే. బండ, తెల్ల గీతలు, ఇనుప మూత, వీటి మీద బండి వాలి ఉండగా బ్రేకు వేయకండి. ముందే వేగం తగ్గించి, నిటారుగా దాటండి.

రాత్రి పది తర్వాత సిగ్నళ్ళు పసుపు మినుకుమంటుంటే అర్థం ‘మెల్లగా, చూసుకుని పోండి’ అని. ఎర్రది మినుకుమంటే ఆగి చూసి పోవాలి. ఆ వేళకు కూడలి నడుమ ఆవులు పడుకుని ఉంటాయి. నల్ల ఆవు తారు రోడ్డు మీద కళ్ళు మెరిసేదాకా కనబడదు. ఎదురుగా బండి వస్తే హెడ్‌లైటు డిమ్ చేయండి. సైకిలు వెనక మడ్‌గార్డుకు ఎర్రటి రిఫ్లెక్టివ్ టేపు జానెడు అతికించండి, ఖర్చు ఒక టీ అంత.

పడిపోతే

108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. మనిషి ఊపిరి తీసుకుంటూ మాట్లాడుతుంటే హెల్మెట్ లాగేయకండి. మెడ కదలకుండా రెండు చేతులతో పట్టుకోండి. నీళ్ళు తాగించకండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. ‘పోలీసు కేసు మన మెడకు చుట్టుకుంటుందేమో’ అని వెనకాడక్కర్లేదు. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఎ సెక్షన్ సాయం చేసినవాళ్ళను కాపాడుతుంది. 2025 మే నుంచి ప్రమాద బాధితులకు నిర్దేశిత ఆస్పత్రుల్లో మొదటి 7 రోజుల్లో లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం చేసే కేంద్ర పథకం ఉంది, ఆస్పత్రిలో అడగండి.

కూడలినే మార్చమని అడగడం

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మన జాగ్రత్తలు. కానీ కొన్ని మూలలు ఎంత జాగ్రత్తపరుణ్ణయినా పడేస్తాయి. అది ఆ మూల తప్పు. అక్కడ అడగాల్సినవాళ్ళను అడగాలి. ముందు ఆ రోడ్డు ఎవరిదో తెలుసుకోండి. ఊళ్ళో రోడ్లు నగరపాలక సంస్థవి, కొన్ని ఆర్ అండ్ బీవి, ఊరి గుండా, పక్క నుంచీ పోయేవి జాతీయ రహదారులవి. తప్పు గుమ్మంలో అర్జీ ఇస్తే అది తిరిగి తిరిగి చస్తుంది.

‘ప్రమాదకరంగా ఉంది, చర్యలు తీసుకోగలరు’ అని రాయకండి. ఏం కావాలో రాయండి. నాకు తెలిసినంతలో తక్కువ ఖర్చుతో ఎక్కువ పని చేసేవి ఇవి. స్టాప్ లైనును జీబ్రాకు రెండు మూడు మీటర్లు వెనక్కి గీయడం, దానికి కావలసింది రంగు డబ్బా మాత్రమే. మూల మీది ఫ్లెక్సీలు తీయించడం, పండ్ల బండిని పది మీటర్లు లోపలికి జరపడం. బండి అతని బతుకు, తరిమేయమని అడగవద్దు, చోటు చూపమని అడగండి. మూల మరీ వెడల్పుగా గుండ్రంగా ఉంటే కార్లు వేగం తగ్గించకుండా తిరుగుతాయి. ఆ మలుపును ఇరుకు చేయడానికి ముందు ఇసుక బస్తాలు, సున్నం గీతలతో వారం రోజులు పరీక్షగా పెట్టి చూడమని ట్రాఫిక్ పోలీసులను అడగొచ్చు. సిగ్నల్ ఎక్కువ సేపు ఉండే చోట, నడిచి దాటేవాళ్ళు నడుమ ఆగడానికి డివైడర్ చివర చిన్న గట్టు.

స్పీడ్ బ్రేకరు అడిగేటప్పుడు జాగ్రత్త. మన వీధుల్లో వేసే అడుగు వెడల్పు గుట్టలు కారును కుదిపి వదిలేస్తాయి, సైకిలును, స్కూటరు మీద వెనక పక్కకు కూర్చున్న చీర కట్టుకున్నామెను పడేస్తాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 99వ కోడ్ ప్రకారం గుండ్రటి హంప్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. 25 వేగంలో ఒంటికి తెలియకుండా దాటేలా దాన్ని లెక్క కట్టారు. అర్జీలో ఆ కొలతలే రాయండి, ముందు తెల్ల గీతలు, బోర్డు కూడా.

అర్జీకి జతగా మూడు ఫొటోలు చాలు. కూడలికి 50 మీటర్ల వెనక నుంచి ఒకటి, స్టాప్ లైను దగ్గర బండి సీటు ఎత్తు నుంచి ఒకటి, లోపం దగ్గరికి పోయి ఒకటి. బడి వదిలే వేళ అరగంట నిలబడి ఎన్ని సైకిళ్ళు దాటాయో, ఎన్ని వాహనాలు రాంగ్ రూట్‌లో వచ్చాయో గీతలు పెట్టి లెక్కేసిన కాగితం ఉంటే అధికారి మొహం మారుతుంది, చూశాను. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి, నమోదు సంఖ్య తీసుకోండి. ఒక ప్రతి జిల్లా రహదారి భద్రతా కమిటీకి రాయండి, దానికి అధ్యక్షులు కలెక్టరే. రోడ్డు రూపకల్పనలో, నిర్వహణలో లోపం వల్ల ప్రాణం పోతే లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చని మోటారు వాహనాల చట్టంలోని 198ఎ సెక్షన్ చెబుతోంది. అర్జీ చివర ఆ సెక్షన్ సంఖ్య ఒక్క వాక్యంలో రాస్తే చాలు, బెదిరింపులా రాయకండి.

రెండు వారాలయ్యాక అదే మూడు చోట్ల నుంచి అదే వేళకు మళ్ళీ ఫొటోలు తీసి, నమోదు సంఖ్య వేసి పంపండి. నేను జారిపడ్డ ఆ మూత మూడో అర్జీకి మారింది. కొత్తదీ బండే, కాకపోతే ఈసారి ఉలితో గరుకు చేసి వేశారు.